ఐలమ్మ యింటికి చేరిన ధాన్యము

పాలకుర్తి యను పేరు వినగానే తెలుగు చదువుకొన్న ప్రతివానికిని ముందుగా స్ఫురించువాడు సోమనాథ కవి. ద్విపదకు గౌరవము తెచ్చి, బసవపురాణమును రచించి, జానుతెనుగునకు పట్టము గట్టిన మహాకవి పుట్టిన యూరది. దానికి చేరువనే బమ్మెర యున్నది. భాగవతమును తెనిగించిన పోతన యచ్చట హలము పట్టి జీవించెననియు, రాజులకు కృతి నిచ్చుటకు నిరాకరించెననియు తరతరములుగా చెప్పుకొనుచున్నారు. ఈ రెండూళ్ళును నేడు జనగామ జిల్లాలో ఒకే మండలమున నున్నవి. మన విద్యార్థులు ఈ కవులను పాఠములలో చదువుదురు. కాని యదే మట్టిలో, పోతన తరువాత దాదాపు ఐదు శతాబ్దములకు, బట్టలుతికి బ్రదుకు కుటుంబములోని యొక స్త్రీ తాను పండించిన నాలుగెకరముల పంటను తన యింటికి చేర్చుకొనుటకై సాగించిన పోరాటమును ఒక పాఠమే. ఆమె పేరు చిట్యాల ఐలమ్మ. కులవృత్తిని బట్టి లోకము ఆమెను చాకలి ఐలమ్మ యని పిలిచెను.

ఐలమ్మ కథను మనము సాధారణముగా వీరగాథగా చెప్పుకొందుము. అందు దోషము లేదు. ఆమె ధైర్యము అట్టిదే. అయినను ఆమె జీవితమును నిదానముగ పరిశీలించినచో మరియొక ప్రశ్న పుట్టును. ఒక పేద కుటుంబము తినవలసిన గింజలను బలవంతుడు కాజేయ జూచినపుడు, ఆ గింజలు తిరిగి ఆ యింటికెట్లు చేరెను? ఒక్కరి ధైర్యము చేతనే చేరెనా? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే యీ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆకలిగొన్న యింటికి చుట్టుపట్ల వారు ఎట్లు తోడు నిలువవలెనో, ఆ సమాధానములోనే యున్నది.

నాటి హైదరాబాదు సంస్థానములో, నేటి వరంగల్లు జిల్లా రాయపర్తి మండలమునకు చెందిన క్రిష్ణాపురమను పల్లెలో, ఓరుగంటి మల్లమ్మ, సాయిలు దంపతులకు ఐలమ్మ జన్మించెను. ఆమె జననము 1895 సెప్టెంబరు 26వ తేదీన యని చెప్పుదురు. ఆ దినముననే నేడు తెలంగాణ ప్రభుత్వము ఆమె జయంతిని జరుపుచున్నది. నాటి యాచారము ననుసరించి ఆమెకు బాల్యముననే వివాహమయ్యెను. భర్త పాలకుర్తికి చెందిన చిట్యాల నర్సింహ. అత్తవారింటను పుట్టినింటను వృత్తి యొక్కటియే. తెల్లవారక ముందే మూటలు నెత్తి కెత్తుకొని రేవునకు పోవుట, చవుడు పట్టించి ఉడికించుట, బండపై బాదుట, ఆరవేసి మడతలు పెట్టి ఇంటింటికి చేర్చుట. సంతానము పెరిగిన కొలది పనియు పెరిగెను. రాబడి మాత్రము పెరుగలేదు.

ఆ కాలపు పల్లెలలో చాకలి కుటుంబమునకు కూలి రొక్కముగా లభించునది కాదు. పంట కాలమున కళ్ళము కడ కొన్ని గింజలు, మాపటి వేళ ఇంటింటి ముంగిట అడిగి తెచ్చుకొను అన్నము — ఇదియే జీతము, ఇదియే జీవితము. ఊరు తిన్ననాడు వారు తిందురు. ఊరు పస్తున్ననాడు అందరికన్న ముందుగ పస్తుండువారు వారే. తమ పొయ్యిపై తమ గింజలు ఉడుకుట వారి పాలిటికి ఒక గొప్ప కోరిక. ఐలమ్మ జీవితమంతయు ఈ చిన్న కోరిక చుట్టునే తిరిగినదనిన అతిశయోక్తి కాదు.

నాటి తెలంగాణమును గూర్చి విద్యార్థులు కొంత తెలిసికొనవలెను. నిజాము రాజ్యములో పన్నులు వసూలు చేయు దేశముఖులు క్రమక్రమముగా వేలకొలది ఎకరములకు స్వాములైరి. పాలకుర్తి ప్రాంతమున అధికారము నెరపినవాడు విసునూరు దేశముఖు రాపాక రామచంద్రారెడ్డి. అతని చేతిలో 40,000 ఎకరముల భూమి యుండెనని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణ పోరాటమును గూర్చి వ్రాసిన గ్రంథమున లెక్క చెప్పెను. భూమియే గాక మనుష్యుల శ్రమయు దొరలదే. చాకలి ఊరక బట్టలుతుకవలెను, అంట్లు తోమవలెను. కుమ్మరి కుండ లీయవలెను. మాదిగ చెప్పులు కుట్టవలెను. గీతకార్మికుడు కల్లు తీసి పంపవలెను. రైతు తన దుక్కి వదలి దొర పొలము దున్నవలెను. ఇదియే వెట్టి. వెట్టి చేయువాని పొలమునకు అదను తప్పును. అదను తప్పిన పొలము పండదు. కనుక వెట్టి యనగా శ్రమను దోచుట మాత్రమే గాదు, రాబోవు సంవత్సరపు అన్నమును ముందుగనే దోచుట.

దీనిపై రెండవ ప్రపంచ యుద్ధము వచ్చి పడెను. సంస్థాన ప్రభుత్వము ధాన్యపు లెవీని విధించెను. పండిన దానిలో ఇంత యని నిర్ణయించి, తాను పెట్టిన చౌక ధరకు రైతు నుండి తప్పనిసరిగ కొనుటయే లెవీ. చట్టము అందరికి నొక్కటే. కాని లెక్కలు వ్రాయువారు పట్వారీలు, వారిపై అజమాయిషీ దొరలది. దొరల గాదెలలోని ధాన్యము లెక్కకు వచ్చెడిది కాదు. పేదరైతు విత్తనముల కని దాచుకొన్న గింజలు సైతము కొలిచి తీసికొని పోయెడివారు. పండించిన చేతులు ఖాళీ, పండింపని గాదెలు నిండు.

అదే కాలమున, 1943లో, వంగ దేశమున ఘోరమైన కరవు సంభవించి 20 నుండి 30 లక్షల జనము నశించిరి. ఆ దృశ్యములను బాల్యమున కన్నులార చూచిన అమర్త్య సేన్ తరువాతి కాలమున అర్థశాస్త్రవేత్తయై, 1981లో ప్రకటించిన గ్రంథమున ఒక ముఖ్య విషయమును నిరూపించెను. వంగ దేశమున ఆ యేడు ఆహారము పూర్తిగ లేకపోలేదు. ఉన్న యాహారమును పొందు శక్తి పల్లెల కూలీలకు లేకపోయెను. కరవునకు కారణము ఎల్లపుడును ధాన్యము లేకపోవుట గాదు, ధాన్యముపై పేదవానికి అధికారము లేకపోవుట యని ఆయన చెప్పినదాని సారాంశము. ఈ సత్యము గ్రంథస్థము గాక ముందే పాలకుర్తిలో ఐలమ్మకు అనుభవపూర్వకముగ తెలిసియుండెను.

ఆమె చేసిన మొదటి సాహసము భూమిని కౌలునకు తీసికొనుట. మల్లంపల్లి భూస్వామి కొండల్‌రావు కడ ఆమె కుటుంబము 40 ఎకరములు కౌలునకు పుచ్చుకొని, అందు నాలుగెకరములు సాగులోనికి తెచ్చెను. నేడిది సామాన్య విషయముగ తోచవచ్చును. కాని చాకలి కుటుంబము తన కొరకు తాను దున్నుకొని పంట తీయుట ఆనాటి దొరల కన్నులకు కంటకమయ్యెను. తన వడ్లు తనకున్న మనిషి మాపటి అన్నమున కని వాకిట నిలువడు. వాకిట నిలువని మనిషి వెట్టికి పిలిచిన రాడు. గ్రామ పట్వారి తన పొలములో పనికి రమ్మనగా ఐలమ్మ వెళ్ళలేదు. ఆనాటి నుండియే కక్ష మొదలయ్యెను.

ఆమె చేసిన రెండవ సాహసము సంఘమున చేరుట. ఆంధ్ర మహాసభ తొలుత విద్యావంతుల సభ. గ్రంథాలయములు, మాతృభాషలో విద్య, పరిపాలనలో సంస్కరణలు — ఇట్టి విషయములు అందు చర్చింపబడెడివి. 1940 దశకములో అది పల్లెలకు ప్రాకి, వెట్టిని, అక్రమపు లెవీని, భూమి నుండి రైతును వెళ్ళగొట్టుటను ఎదిరించు ప్రజాసంస్థగ మారెను. పల్లె జనము దానిని సంఘమనియే పిలిచిరి. సభ్యులకు చీటీ యిచ్చెడివారు గనుక చీటీల సంఘమనియు, చేత గుతుపలు పట్టుట నేర్చిన పిమ్మట గుతుపల సంఘమనియు దానికి పేరు వచ్చెను. ఐలమ్మ ఆ చీటీ తీసికొనెను. కార్యకర్తలకు ఆమె యిల్లు తావయ్యెను. ఇంటింట అన్నమడుగు కులములో పుట్టిన స్త్రీ, ఊరి కొరకు తిరుగు కార్యకర్తలకు తానే అన్నము పెట్టునదయ్యెను.

దేశముఖు దీనిని సహింపలేదు. పాలకుర్తిలో సంఘము సభ జరుపగ దానిని చెడగొట్ట యత్నములు జరిగెను. అవి ఫలింపకపోగా సంఘ నాయకులపైనను, ఐలమ్మ కుటుంబముపైనను కేసులు బనాయింపబడెను. భర్తను, కొడుకులను నిర్బంధించిరి. కొండా లక్ష్మణ్ బాపూజీ వంటి న్యాయవాదులు ఆ రోజులలో ఇట్టి పేదల పక్షమున వాదించుచుండిరి. తీర్పు ఐలమ్మకు అనుకూలముగ వచ్చెను. ధర్మము గెలిచినదని సంతోషింపవలసిన సమయమది. కాని తీర్పు కాగితముపై నున్నది, పంట పొలములో నున్నది. ఆ భూమి తనదే యనునట్లు దేశముఖు పట్వారి చేత కాగితములు పుట్టించెను. సుమారు నూరుగురు మనుష్యులను పొలము మీదికి పంపి, పంట కోసికొని రమ్మనెను.

వ్యవసాయము తెలిసినవారికి ఇచ్చటి చిక్కు బోధపడును. పంట దాచుకొనదగిన వస్తువు కాదు. అది బయలున నిలిచి యుండును. కోయవలెను, మోపులు గట్టవలెను, కళ్ళమునకు మోయవలెను, కొట్టవలెను, తూర్పార బట్టవలెను, కొలిచి యింటికి చేర్చవలెను. ఇన్ని దశలలో నే యొక్క దశలో నైనను బలవంతుడు దానిని ఎత్తికొని పోవచ్చును. ఒక కుటుంబము ఇన్ని పనులను శత్రువు నెదుట చేయజాలదు. అందుచేతనే ఐలమ్మ పంట ఆమె యొక్కతె పంటగ నుండక సంఘపు బాధ్యత యయ్యెను. భీమిరెడ్డి నరసింహారెడ్డి, చకిలం యాదగిరిరావు మొదలగు నాయకులు కార్యకర్తలతో కర్రలు పట్టుకొని పొలమునకు వచ్చిరి. దేశముఖు పంపిన మూక నిలువలేక పారిపోయెను. సంఘమువారు తామే కోత కోసి, ధాన్యమును ఐలమ్మ యింటికి మోసికొనిపోయి చేర్చిరి. పిమ్మట పోలీసులు వచ్చినను ఆ యింటి ధాన్యమును ముట్టుటకు సాహసింపలేదు.

ఈ సంఘటనలో మనము గమనింపవలసినది కర్రల బలము కాదు. పని పంచుకొనుట. ఒకరు కేసు చూచిరి. ఒకరు వార్త తెచ్చిరి. ఒకరు కాపలా నిలిచిరి. ఒకరు కొడవలి పట్టిరి. ఒకరు బరువు మోసిరి. గింజలు ఐలమ్మ గడప దాటి లోనికి పోవు వరకు వారు మధ్యలో విడువలేదు. పొలము వరకు తోడు వచ్చి, కళ్ళము కడ విడిచి పోయి యున్నచో ఆ శ్రమయంతయు వ్యర్థమై యుండెడిది.

ఆ ధాన్యమునకు ఐలమ్మ చెల్లించిన మూల్యము తక్కువది కాదు. నాయకులను పట్టి విసునూరు గడీకి కొనిపోయి హింసించిరి. ఐలమ్మ యిల్లు తగులబడెను. ఆమె కుమార్తెపై జరిగిన అమానుష కృత్యము చెప్పనలవి కానిది. కొడుకులు చెరసాలల పాలైరి. నాలుగెకరముల పంటకై ఇంత యేల సహింపవలెనని ఎవరైన అడుగవచ్చును. ఆమె నాటి నిలకడను చూచినవారికి సమాధానము తెలియును. ఒకసారి తలవంచి గింజలు విడిచినచో, తరతరముల బిడ్డలు వాకిళ్ళలో నిలువవలసి వచ్చును. పట్వారి యిల్లు కూలిన చోట ఆమె మొక్కజొన్న పండించెనని ఆ ప్రాంతమువారు నేటికిని చెప్పుకొందురు. ప్రతీకారము గూర్చిన కథలో సైతము జనము ఆమె చేత అన్నమునే పండింపజేసిరి.

పాలకుర్తిలో పుట్టిన ధైర్యము చుట్టుపట్ల పల్లెలకు వ్యాపించెను. 1946 జూలై 4వ తేదీన, సమీపమున నున్న కడవెండిలో, దేశముఖు దౌర్జన్యమునకు వ్యతిరేకముగ ఊరేగింపుగ పోవుచున్న జనముపై కాల్పులు జరిగి దొడ్డి కొమరయ్య నేలకొరిగెను. ఆ నెత్తురు తెలంగాణమంతటిని కదల్చెను. ఊరూర వెట్టి నిలిచిపోయెను. దొరల గాదెలలో మ్రగ్గుచున్న ధాన్యమును అనేక గ్రామములలో సంఘములు బయటికి తీసి, లేనివారికి పంచిపెట్టెను. దాదాపు 3,000 గ్రామములలో 10 లక్షల ఎకరముల భూమి పంపిణీ జరిగెనని సుందరయ్య వ్రాసెను. ఏ యింట ఎందరు తినువారు, ఏ యింట గింజలు నిండుకొన్నవి యను సంగతి దూరపు కచేరికి తెలియదు, ఊరి సంఘమునకు తెలియును. అందుచేతనే ఆ పంపిణీ సాధ్యమయ్యెను.

1948 సెప్టెంబరు 17వ తేదీన నిజాము లొంగిపోయెను. పోరాటము మాత్రము 1951 అక్టోబరు వరకు సాగెను. ఆ తుది దశను గూర్చి చరిత్రకారులలో భిన్నాభిప్రాయములు గలవు. ఆ దినములలో దళములు గోదావరీ తీరారణ్యములను ఆశ్రయించెను. నేటి మహబూబాబాదు, ములుగు, భూపాలపల్లి జిల్లాలలో చేరిన యడవు లందున్నవి. దళములకు తిండి దొరకకుండ చేయవలెనని సైన్యము కోయగూడెములను ఖాళీ చేయించి, జనమును శిబిరములలో ఒకచోట చేర్చెను. ధాన్యమును ఇచ్చుట యెంత బలమో, దానిని ఆపుట యంత ఆయుధము. ఈ విషయమును ఆ యడవి బిడ్డలు మిక్కిలి దుఃఖముతో నేర్చుకొనిరి. 1949లో జాగీర్ల రద్దు, 1950లో కౌలుదారుల చట్టము వచ్చెను. కౌలుదారునకు రక్షణ యుండవలెనను భావము శాసనమైనదనిన, దాని వెనుక ఐలమ్మ వంటి కౌలుదారుల కష్టము కలదు.

పోరాటము ముగిసిన పిమ్మట ఐలమ్మ పాలకుర్తిలోనే బ్రదికెను. 1985 సెప్టెంబరు 10వ తేదీన ఆమె కన్ను మూసెను. మరణించిన చాలకాలమునకు గాని ఆమెకు తగిన గౌరవము లభింపలేదు. హైదరాబాదు కోఠిలోని మహిళా విశ్వవిద్యాలయమునకు 2024లో ఆమె పేరు పెట్టిరి. బట్టల మూటలు మోసిన తల్లి పేరిట నేడు ఆడుబిడ్డలు పట్టములు పుచ్చుకొనుచున్నారు.

ఇప్పుడు మన మొక పోలిక చేసికొందము. గోదావరి సీమలో లంకల గన్నవరమున డొక్కా సీతమ్మ యను మహాయిల్లాలు ఉండెను. 1841లో పుట్టి 1909లో గతించిన ఆ తల్లి, వేళగాని వేళ వచ్చిన బాటసారికి సైతము లేదనక అన్నము పెట్టి అపర అన్నపూర్ణ యని కీర్తి గాంచెను. ఆంధ్రప్రదేశమున బడిపిల్లల మధ్యాహ్న భోజనమునకు 2024లో ఆమె పేరు పెట్టుట ఎంతయు సముచితము. సీతమ్మ కథలో పెట్టు చేయి గొప్పది. ఐలమ్మ కథలో పట్టుకొను చేయి గొప్పది. ఆకలి తక్షణము తీరుటకు మొదటిది కావలెను. ఆ యాకలి మరునాడు తిరిగి రాకుండుటకు రెండవది కావలెను. దాత లేనినాడు దానము నిలిచిపోవును. హక్కు నిలిచి యుండును. అయితే దానిని తెచ్చి యిచ్చు తోడు ఉండవలెను.

నేటి స్థితి వేరు. దొర లేడు, గడీ పాడువడినది, లెవీ కథలలో మిగిలినది. పార్లమెంటు 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టమును చేసెను. దాని ప్రకారము అర్హమైన కుటుంబములో ప్రతి మనిషికి నెలకు 5 కిలోల ధాన్యము, అంత్యోదయ కుటుంబమునకు 35 కిలోలు హక్కుగ రావలెను. 2023 జనవరి నుండి ఆ ధాన్యమునకు వెల లేదు. తెలంగాణములో మనిషికి 6 కిలోలు ఇచ్చుచున్నారు. 2025 ఉగాది నుండి సన్నబియ్యమే యిచ్చుచున్నారు. బడిలో మధ్యాహ్న భోజనము, అంగన్‌వాడీలో గర్భిణులకు, బాలింతలకు, పసివారికి పౌష్టికాహారము కలదు. ఇవియు తమంత తాము వచ్చినవి కావు. గోదాములలో ధాన్యము ముక్కుచుండగ జనము పస్తులుండుట యేమని 2001లో కొందరు పౌరహక్కుల వారు సుప్రీము కోర్టు నాశ్రయింపగా, ఆ యేడు నవంబరు 28వ తేదీన, బడులలో వండిన భోజనము పెట్టవలెనని ఆజ్ఞ వెలువడెను. మన రాష్ట్రమున అది 2003లో అమలునకు వచ్చెను. ఒకరి యాకలిని గూర్చి మరియొకరు అడుగుటయే ఇచ్చటను మొదటి మెట్టు.

అయినను ఐలమ్మ నాటి చిక్కు పూర్తిగ పోలేదు. తీర్పు కాగితముపై, పంట పొలములో నుండిన ట్లే, నేడు హక్కు చట్టములో, బియ్యము గోదాములో నుండి, నడుమ నొక యిల్లు పస్తు పడుకొనుట సంభవించుచున్నది. పెండ్లియై వేరుపడిన జంట పేరు కార్డులో ఎక్కదు. పుట్టిన బిడ్డ పేరు చేరదు. జీవితమంతయు మట్టి పనిచేసి రేఖలరిగిన ముసలి వ్రేలిని దుకాణములోని యంత్రము గుర్తింపదు. జనగామ మెట్ట పల్లెల నుండి పట్నమునకు పనికి పోయిన కూలికి, తన కార్డుపై పట్నమునను బియ్యము పొందవచ్చునను సంగతి తెలియదు. మహబూబాబాదు తండాల నుండి, భూపాలపల్లి యడవి గూడెముల నుండి కచేరికి పోయి రావలెనన్న ఒక దినపు కూలి పోవును. ఒకసారి పోయి లేదనిపించుకొన్న పేదవాడు రెండవసారి పోడు. ఆకలి మనిషిని అరిపించునని కొందరనుకొందురు. నిజమునకు ఆకలి మనిషిని మౌనిని చేయును.

ఇచ్చట ఐలమ్మ సంఘము చేసిన పనులు నేటికిని దారి చూపును. మొదటిది తెలిసికొనుట. సోమవారము నాడు ఇతర దినములకన్న ఆత్రముగ భోజనపు పంక్తిలో నిలుచు బాలుని ఉపాధ్యాయుడు గుర్తించును. ఆ బాలుని యింట ఆదివారము పొయ్యి వెలిగియుండకపోవచ్చును. రెండవది కాగితము. కార్డు ఉన్నదా, పేర్లన్నియు కలవా, ఆధారు వివరములు సరియేనా యని చూచి, దరఖాస్తు వ్రాసి పెట్టుట పదవ తరగతి విద్యార్థికి సైతము సాధ్యమైన పని. మూడవది వెంట నడచుట. మీసేవకు గాని, తహసీలు కచేరికి గాని, దుకాణమునకు గాని ఆ యింటివారితో ఒకరు కలిసి పోయినచో సమాధానము మారును. నాల్గవది విడువకుండుట. బియ్యము ఆ గడప దాటు వరకు పని ముగిసినట్లు కాదు. దుకాణములో న్యాయము జరుగనిచో జిల్లా ఫిర్యాదుల పరిష్కారాధికారి యుండవలెననియు, ఆయనపై రాష్ట్ర ఆహార కమిషను ఉండవలెననియు చట్టమే చెప్పుచున్నది. రావలసిన ధాన్యము ఈయనిచో దానికి బదులుగ భత్యము పొందు హక్కును, దుకాణములపై నిఘా సంఘములను, ప్రజల యెదుట లెక్కల తనిఖీని అదే చట్టము కల్పించినది. ఇవి పుస్తకములలో నుండుట చాలదు, ఊరిలో నలుగురు వీనిని చదివి యుండవలెను.

కార్డు వచ్చుటకు నెలలు పట్టవచ్చును. అంతవరకు ఆ యింటివారు వేచియుండజాలరు గదా. అప్పుడు సీతమ్మ గుణము కావలెను. ఇరుగుపొరుగు పిడికెడు పిడికెడు బియ్యము చేర్చి ఆ యింటికి పంపవచ్చును. కాని యది నలుగురిలో పేరు పిలిచి యిచ్చుటయు, ఛాయాచిత్రములు తీయించుకొనుటయు కూడదు. వాకిట నిలువకుండుటకే ఐలమ్మ అంత పోరాడెనని మరువరాదు. సాయము పొందిన యిల్లు రేపు సాయము చేయు నిల్లు. ఐలమ్మ యింటికి సంఘము ధాన్యము మోసెను. అంతకు ముందే ఆ యిల్లు సంఘమునకు అన్నము పెట్టియుండెను. ఇచ్చువాడెవడు, పుచ్చుకొనువాడెవడు అను భేదము అచ్చట చెరిగిపోయెను.

పాలకుర్తికి విహారయాత్రగ పోవు బడిపిల్లలకు ఉపాధ్యాయులు సోమనాథుని గుడిని, బమ్మెరలో పోతన పేరిట నున్న చోట్లను చూపుదురు. అట్లే ఐలమ్మ స్మారకమును కూడ చూపవలెను. ఆమె ధైర్యమును గూర్చి చెప్పవలెను. దానితోపాటు ఆమె పంటను కోసిన చేతులను గూర్చియు, మోసిన భుజములను గూర్చియు చెప్పవలెను. తిరిగి వచ్చిన పిమ్మట తమ వీథిలో పొయ్యి వెలుగని యిల్లు ఏదైన నున్నదేమో చూచి రమ్మని ఆ పిల్లలకు చెప్పినచో, ఆ పాఠము పూర్తి యగును.